ఐదో అక్షరం

గ్రైండరు తీగ చుట్ట విప్పుతూ మాంగ్ తెర్యో అలవాటుగా ఎడమచెయ్యి ఏప్రాన్ జేబులో పెట్టాడు. జేబు ఖాళీగా ఉంది. తొమ్మిది రోజులుగా ఖాళీగానే ఉంది, అయినా చెయ్యి మాట వినదు. ముప్ఫై ఏడేళ్లు ఒకే చోట ఒకే వస్తువు తగిలిన చేతికి, అది పోయిందని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. చెయ్యి బయటికి తీసి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, మళ్ళీ తీగ పనిలో పడ్డాడు.

లిపా ఊరి చివర, హైవేకీ కొబ్బరితోటకీ మధ్య ఉన్న ఆ షెడ్డులో ఒకప్పుడు పద్నాలుగు మంది పనిచేసేవారు. స్టీలు రేకు లారీలో వచ్చి, నెల తిరిగేసరికి జీప్నీ అనే ప్రయాణికుల బండి అయి, ముక్కు మీద గుర్రం బొమ్మతో, పెళ్లికొడుకులా తయారై బయటికి వెళ్లేది. పాత జీప్నీలు రోడ్డెక్కకూడదని, వాటి బదులు మినీబస్సులు కొనుక్కోవాలని సర్కారు అన్నప్పటి నుంచి కొత్త బండి చేయించుకునే మొనగాడు లేడు. సొట్టలు తీయడం, పగుళ్లు అతకడం, గీతలు చెరపడం, ఇదే పని. మనుషులు కూడా ముగ్గురే మిగిలారు. యజమాని పోయాక షెడ్డు చూసుకుంటున్న ఆయన భార్య ఆతే చోలెంగ్, వారానికి మూడు రోజులొచ్చే వెల్డరు, మాంగ్ తెర్యో. ఇవాళ శనివారం, వెల్డరు రాడు.

తెర్యోది సాన పట్టే పని. బండి బాగుందంటే జనం రేకు వంచినవాడి పేరు అడుగుతారు, బొమ్మ చెక్కినవాడి పేరు అడుగుతారు. సాన పట్టినవాడి పేరు అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మంచి సాన అంటే చెయ్యి పడ్డ జాడ కనపడకపోవడమే కదా. ఆ లెక్కన తెర్యో గొప్ప పనివాడే. బతంగాస్ రోడ్ల మీద తిరిగే కొన్ని వందల బండ్లకు అతను సాన పట్టాడు, ఒక్కదాని మీద కూడా అతని జాడ లేదు.

పొట్టి మనిషి. అరవై నాలుగేళ్లు. గ్రైండరు మోసి మోసి కుడిభుజం ఎడమదానికంటే కిందికి దిగింది. కనుబొమల్లో స్టీలు పొడి చేరి, ఎండలో నిలబడితే ముఖం అక్కడక్కడా తళుక్కుమంటుంది. వేళ్ల కొనలు అరిగి నున్నగా అయిపోయాయి. కిందటేడు గుర్తింపు కార్డు కోసం వెళ్తే యంత్రం అతని వేలిముద్ర తీసుకోలేదు. అక్కడి పిల్ల పదిసార్లు ప్రయత్నించి, "తాతా, మీకు వేళ్లున్నాయి గాని ముద్రల్లేవు," అంది. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు, తెర్యో కూడా నవ్వాడు. దగ్గు మాత్రం నవ్వులాట కాదు. అది పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వచ్చి, పావుగంట కూర్చుని పోతుంది. భార్య పోయి ఆరేళ్లయింది. పిల్లల్లేరు.

జేబులో ఉండాల్సింది గీతసూది. రేకు కోసే ముందు దాని మీద కొలతగీత పెట్టే పనిముట్టు, గోరంత గట్టి మొన, జానెడు పిడి. తెర్యోకు పని నేర్పిన ముసలాయన పోతూ పోతూ ఇచ్చాడు. తాల్ ఊళ్లో మడతకత్తులు చేసేవాళ్ల దగ్గర కూర్చుని, కత్తికి వేసే దున్నకొమ్మునే దీనికీ పిడిగా వేయించుకున్నాడట ఆయన. నల్లటి పిడి, మధ్యలో పాలచుక్కలాంటి ఒక తెల్ల మచ్చ. అలాంటి సూది ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. దాన్ని చూస్తే తెర్యోని చూసినట్టేనని షెడ్డుకొచ్చే డ్రైవర్లందరికీ తెలుసు.

ఏడున్నరకు హైవే మీంచి ఒక బండి షెడ్డులోకి మళ్లింది. ఇంజను చప్పుడు వినగానే తెర్యోకు తెలిసిపోయింది. రావద్దనుకున్న బండి, వస్తుందని తెలిసిన బండి.

"పరే, బతికే ఉన్నావా?" అంటూ కిరినో కిందికి దిగాడు. "హైవే దాకా వినిపిస్తోంది నీ దగ్గు. జెనరేటరు వేశారేమో అనుకున్నా."

కిరినో పెద్దకూతురు లిగాయాకు తెర్యో జ్ఞానతండ్రి. చర్చిలో ఆ పిల్ల నెత్తిన బాప్తిస్మం నీళ్లు పడ్డ రోజు నుంచి ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇద్దరూ ఒకరినొకరు 'పరే' అనే పిలుచుకుంటారు. భార్య పోయిన తరువాత పండక్కి తెర్యోకు అన్నం పెట్టే ఇల్లు అదొక్కటే. ఈ బండి కూడా ఈ షెడ్డులో పుట్టిందే. ఇరవై రెండేళ్ల కింద దీని ఒంటికి మొదటి సాన పట్టింది తెర్యోనే. కుడిపక్క కిటికీల కింద, పొడుగునా, అరచెయ్యంత స్టీలు అక్షరాల్లో కిరినో భార్య పేరు ఉంటుంది, ఫెలిసా అని.

ఆ పేరు కింద ఇప్పుడు ఒక ఎన్నికల ఫ్లెక్సీ ముక్క టేపుతో అతికించి ఉంది. ఎవరో మీసాలాయన, సగం నవ్వు. రాత్రి వానకు ఒక మూల ఊడి వేలాడుతోంది. కిరినో దాన్ని పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

కింద ఇంగ్లీషు లిపిలో ఐదక్షరాలు. హుదాస్. ముప్ఫై వెండి నాణేలకు గురువును అమ్మేసిన యూదా పేరు అది. ఆ ఊళ్లో అంతకు మించిన తిట్టు లేదు. నాలుగు అక్షరాలు లోతుగా, వరసగా దిగాయి. ఐదోది సగంలో ఆగిపోయింది. మాట చుట్టూ గుండ్రంగా రుద్దిన మరకలు, వాటి మీద ఎర్రటి తుప్పు పొర.

"గిన్నెలు తోమే ఇనప పీచుతో రుద్దావా?" అన్నాడు తెర్యో.

"రుద్దాను. చెరుగుతుందనుకున్నా."

"పీచు ఇనుము స్టీలులో దిగితే తుప్పు పైకొస్తుంది. ఉక్కుకీ కర్రకిలాగే వాలుంటుంది. వాలు వెంట రుద్దాలి గాని, చంటిపిల్ల పొట్ట రుద్దినట్టు గుండ్రంగా రుద్దుతారా?"

"తెలిసుంటే నీ దగ్గరకెందుకొస్తాను." కిరినో నవ్వాడు గాని కళ్ల కింద నల్లగా ఉంది. "నాలుగింటికి ఫెలిసాని ఇంటికి పంపిస్తామన్నారు. మొన్నటి నుంచి జ్వరమొచ్చి వార్డులోనే ఉంది. ఈ బండిలోనే తీసుకెళ్లాలి. ఇన్నాళ్లూ ఆ మీసాలాయన అడ్డున్నాడు. ఇవాళ ఆయన కూడా ఊడాడు. ఆవిడ ఇది చూడకూడదు పరే. తన పేరు కిందే ఉంది చూడు."

తెర్యో చూశాడు. అతనికి చూడాల్సిన అవసరం లేదు. ఆ మాట రాసింది తెర్యోనే.

ఇందులో మన దగ్గర దాపరికం లేదు. దాచుకుంటున్నది అతనే. కిందటి వారం మూడు రోజులు జీప్నీల సమ్మె జరిగింది. జీప్నీలు పోతే తన సాన ఎవరికి కావాలని తెర్యో కూడా కూడలిలో డ్రైవర్ల పక్కన నిలబడ్డాడు. పెద్ద గిన్నెలో గంజి కాస్తుంటే గరిటె అతనే తిప్పాడు. రెండో రోజు ఎండ ఎక్కాక, రోడ్డు మీద ఒక్క బండి లేని వేళ, కిరినో బండి కూడలి దాటి పోయింది. కిటికీల నిండా తలలు. కిరినో ఇటు చూడలేదు. గంజి దగ్గరున్నవాళ్లలో ఒకడు ఉమ్మేశాడు. "చూడవయ్యా నీ పరే, అందరూ పస్తులుంటే తనొక్కడే బేరాలు కొట్టుకుంటున్నాడు," అన్నాడు ఇంకొకడు. ఆ మాట తెర్యో ఒంట్లో ముల్లులా దిగింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆసుపత్రి వెనక సందులో ఆ బండి కనిపించింది. ఆసుపత్రి దగ్గర బేరాలు బాగా తగులుతాయి కాబోలు అనుకున్నాడు. సందులో పిట్ట లేదు. చెయ్యి దానంతటది జేబులోకి వెళ్లింది. ఐదో అక్షరం సగంలో ఉండగా మలుపు దగ్గర ఆటోలాంటి ట్రైసికిల్ చప్పుడు వినపడింది. చేతిలోంచి సూది జారి ఎక్కడో పడింది. వంగి వెతుక్కునే ధైర్యం లేక, అరవై నాలుగేళ్ల మనిషి ఆ ఎండలో పరుగెత్తాడు.

అసలు సంగతి ఆ సాయంత్రం ఆతే చోలెంగ్ చెప్పింది. ఫెలిసా కిడ్నీలు రెండూ చెడ్డాయట. రెండు నెలలుగా వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయిస్తున్నారట, ఒక్కసారి తప్పినా మనిషి దక్కదట. సమ్మె రోజుల్లో కిరినో డ్రైవర్ల సంఘం పెద్దకు చెప్పే బండి తీశాడు. దారిపొడుగునా అలాంటి రోగులే బండ్లు లేక నిలబడి ఉంటే వాళ్లనీ ఎక్కించుకున్నాడు, ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఆ కబురు గంజి గిన్నె దాకా రాలేదు. ఆ రోజు కిటికీల్లో తెర్యో చూసిన తలలు ఆ రోగులవి. ఆ పూట అతనికి అన్నం దిగలేదు. ఫెలిసాకు చక్కెర జబ్బుందని తెలుసు గాని, రెండు నెలలుగా ఆ గడప తొక్కలేదు, ఎలా ఉందని అడగలేదు. తొమ్మిది రోజులుగా తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాడు. చెబుదామని రెండుసార్లు కిరినో ఇంటి సందు దాకా వెళ్లి, గేటు దగ్గర కిరినో చెప్పులు చూసి వెనక్కి తిరిగాడు.

"ఏం వెతుకుతున్నావు జేబులో?" అన్నాడు కిరినో.

తెర్యో ఉలిక్కిపడి చెయ్యి తీశాడు. "ఏం లేదు."

"అయితే మొదలుపెట్టు మరి."

ముందు పేరుకు టేపు వేయాలి. సాన తగిలితే అంచులు మొద్దుబారతాయి. తెర్యో ఒక్కో అక్షరం మీద కాగితపు టేపు అతికించి, వేళ్లతో నొక్కుతూ వచ్చాడు. కిరినో బల్ల మీద కూర్చుని చూస్తున్నాడు.

"మా ఆవిడ చెవులు మూస్తున్నావా? మంచి పని. నువ్వు పని చేస్తూ తిట్టుకునే తిట్లు వినలేక చచ్చేది."

తరువాత తుప్పు. తుప్పును కరిగించే పులుపు మందు గుడ్డకు పట్టించి అద్ది, నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచాడు. ఎరుపు పోయింది. ఎరుపు పోయేసరికి అక్షరాలు ఇంకా తేటగా కనపడ్డాయి. గోరు పెట్టి చూశాడు. గోరు ఆగింది. గోరు ఆగిందంటే లోతు గీత.

స్టీలు మీద గీతను పూడ్చడం కుదరదు. మట్టిగోడ అయితే మెత్తొచ్చు, కర్ర అయితే లక్క పెట్టొచ్చు. స్టీలుకు అలాంటిదేమీ లేదు. గీత ఎంత లోతుందో చుట్టూ ఉన్న రేకంతా అంత లోతుకు అరగదీయాలి. తప్పు చేసిన చోటును బాగుచేయడానికి, ఏ తప్పూ చెయ్యని చోటును కూడా అరగదీయాలి. ఈ సంగతి తెర్యో కొన్ని వందలసార్లు డ్రైవర్లకు చెప్పి ఉంటాడు. అప్పుడెప్పుడూ ఇది తనకు తగిలే మాట అనుకోలేదు.

గ్రైండరు మోగింది. నిప్పురవ్వలు పెద్దగా రాలేదు. స్టీలు ఇనుములా గోల చేయదు. ముందు గరుకు చక్రం, తరువాత దానికంటే మెత్తనిది, ఆ తరువాత ఇంకా మెత్తనిది. ఒకచోట నిలిపితే గుంట పడుతుంది, రేకు వేడెక్కి నీలంగా మారుతుంది. అందుకని చెయ్యి ఎప్పుడూ కదులుతూనే ఉండాలి, వాలు వెంటే కదలాలి. మొదటి అక్షరం సగానికి పల్చబడేసరికి తొమ్మిదయింది.

పని చేస్తూ తెర్యో ఒక సంగతి గమనించి సిగ్గుతో చచ్చిపోయాడు. అక్షరాల్లో అడ్డగీతలు రెండున్నాయి. రెండూ సరిగ్గా స్టీలు వాలులోనే ఉన్నాయి, వెంట్రుకవాసి తేడా లేకుండా. నిలువుగీతలు అన్నీ ఒకే లోతు. రోడ్డు మీద పోయే ఆకతాయి మేకుతో గీకితే గీత ఒకచోట లోతుగా, ఒకచోట తేలిగ్గా పోతుంది, వాలు అనేదొకటి ఉందనే వాడికి తెలియదు. కోపంలో కూడా తెర్యో చెయ్యి ముప్ఫై ఏడేళ్ల పనిని మరవలేదు. ఇంతకాలం ఎక్కడా సంతకం పెట్టని మనిషి ఇక్కడ పెట్టాడు. గీతను చదవడం వచ్చినవాడెవడైనా చూస్తే, ఇది స్టీలు పనివాడు రాసిందని ఇట్టే చెప్పేస్తాడు. కిరినో ఇరవై రెండేళ్లుగా స్టీలు బండి తుడుచుకుంటున్న మనిషి.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కాలు కడగడానికైనా అడుసు తొక్కిన వాకిలికే రావాలి. కాకపోతే ఇక్కడ వాకిలే నడిచొచ్చి, కాలు కడుక్కోమని అతని ముందు నిలబడింది.

పన్నెండు దాటాక ఆతే చోలెంగ్ వెనక వంటింటి బల్ల మీద అన్నం పెట్టింది. కుండలో పులుపు వేసి ఉడికించిన తులింగాన్ చేప, టమాటా ముక్కలు, కాఫీ. కిరినో అన్నం మీద కాఫీ పోసుకున్నాడు. తెర్యో కూడా పోసుకున్నాడు. అక్కడివాళ్లకు అది చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు, ఎవరికీ వింత కాదు. ముగ్గురూ తినడం మొదలుపెట్టారు.

"ఎవడో గాని చెయ్యి మంచిదే," అన్నాడు కిరినో, చేప ముల్లు తీస్తూ. "ఎక్కడా వణకలేదు. ఐదో అక్షరం దగ్గరే ఎందుకో ఆగాడు. పాపం, ఏం పని తగిలిందో."

"పాపమా?" అంది ఆతే చోలెంగ్. "ఆ చెయ్యి పడిపోను. మంచం మీద ఉన్న మనిషి పేరు కింద అలాంటి మాట రాసేవాడు మనిషేనా? నాకు దొరికితే గ్రైండరు పెట్టి వాడి గోళ్లు అరగదీయిస్తాను మాంగ్ తెర్యో చేత."

తెర్యో అన్నం మీద ఇంకాస్త కాఫీ పోసుకున్నాడు.

"నీకు కోపం రాలేదా?" అన్నాడు కిరినోతో, మెల్లగా.

"రాకేం. మొదటి రోజు చిక్కి ఉంటే చెయ్యి విరిచేవాణ్ణి. రెండో రోజు ఫెలిసాకి కాళ్లు వాచాయి. మూడో రోజు ఆవిడ నిద్రపోలేదు, నన్ను పోనివ్వలేదు. కోపానికైనా కాస్త తీరిక ఉండాలి కదా పరే."

"వాడెవడో తెలిస్తే?"

కిరినో అన్నంలో కాఫీ కలిపాడు. "తెలిస్తే ఏం చేస్తాను? వచ్చి చెరుపు నాయనా అంటాను. రాసినవాడికే తెలుస్తుంది కదా ఎంత లోతు రాశాడో."

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెర్యోకు అర్థమైంది. ఆతే చోలెంగ్ ఉన్నా సరే అనుకున్నాడు. పళ్లెం ముందుకు తోశాడు.

"పరే, ఆ రోజు సందులో..."

కిరినో ఫోను మోగింది. చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని ఎత్తాడు. "ఆఁ, నేనే... ఇప్పుడా? నాలుగింటికన్నారు కదా... సరే, సరే, వస్తున్నా." ఫోను జేబులో పెట్టుకుని లేచాడు. "నర్సు. ఏవో కాగితాలట, ఒకసారి రమ్మంటోంది. బండి ఇక్కడే ఉండనీ, ట్రైసికిల్ మీద పోయొస్తాను. నువ్వు ఆపకు."

పళ్లెంలో సగం అన్నం అలాగే ఉంది. అతను వాకిలి దాటగానే ఆతే చోలెంగ్ తన పళ్లెం ఒక చుట్టు తిప్పింది. తెర్యో కూడా తిప్పాడు. భోజనం మధ్యలో ఎవరైనా లేచి ప్రయాణమైతే మిగిలినవాళ్లు పళ్లేలు తిప్పాలి, అప్పుడు పోయినవాళ్లకు దారిలో ఏ ఆపదా రాదు. కిరినో కోసం తిప్పాడు తెర్యో. ఆ వేళ ప్రయాణమవుతున్నది ఎవరో అతనికేం తెలుసు.

మధ్యాహ్నం దగ్గు వచ్చింది. పావుగంట కూర్చుంది. రుమాలులో నల్లగా పడింది, ఒక మూల ఎర్రగా కూడా. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇక మిగిలింది చేతిపని. అక్షరాలు పోయాయి గాని, అవి ఉన్నచోట అద్దంలా నున్నగా ఒక మచ్చ మిగిలింది. దాన్ని అలా వదిలేస్తే, 'ఇక్కడేదో ఉండేది' అని అదే చెబుతుంది. మొత్తం పలక మీద ఒకే తీరున సన్నని గీతల వరస రావాలి. కర్రదిమ్మెకు గరుకు పీచు చుట్టి, రెండు చేతులతో నొక్కి, బండి వెనక నుంచి ముందు దాకా పన్నెండు అడుగులు నడవాలి. మధ్యలో ఆగకూడదు, నొక్కుడు మారకూడదు. దగ్గితే గీత వంకర పోతుంది. తెర్యో ఊపిరి బిగబట్టి నడిచాడు. చివరికొచ్చి ఊపిరి వదిలాడు. మళ్ళీ వెనక్కి వచ్చి, మళ్ళీ నడిచాడు. ఛాతీలో పిల్లి గీరినట్టు ఉంటే పళ్లు బిగించాడు. ఫెలిసా ఎక్కేటప్పుడు చెయ్యి ఎక్కడ వేస్తుందో అతనికి తెలుసు, పేరులో చివరి అక్షరం పక్కన. ఆ చోట ఇంకో రెండుసార్లు ఎక్కువ నడిచాడు. నాలుగింటికి పది నిమిషాలుండగా దిమ్మె కింద పెట్టాడు.

పలక తుడిచి, దీపం పక్క నుంచి పట్టి చూశాడు. ఏమీ లేదు. అరిగిన వేళ్లతో తడిమి చూశాడు. ఏమీ లేదు. ఇంత మంచి సాన అతను ఇదివరకెప్పుడూ పట్టలేదు. ఏప్రాన్ విప్పి కుళాయి పక్కనున్న మేకుకు తగిలించి, వాకిట్లో బల్ల మీద కూర్చున్నాడు. నేరుగా చెప్పేయాలి. ఫెలిసాని ఇంట్లో దింపాక, కిరినోని పక్కకు పిలిచి. కొడితే పడాలి, పొమ్మంటే పోవాలి. నాలుగయింది, నాలుగున్నరయింది.

అయిదు దాటాక కిరినో నడుచుకుంటూ వచ్చాడు. ఒక్కడే. చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో దువ్వెన, మూత ఉన్న కప్పు, ఆడవాళ్ల చెప్పుల జత.

తెర్యో లేచి నిలబడ్డాడు.

"రెండున్నరకి పోయింది," అన్నాడు కిరినో. "నేను వెళ్లేసరికి ఉంది. నీళ్లడిగింది. నర్సు ఇవ్వొద్దంది, దూదితో పెదాలు తడిపాను." సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "లిగాయాకి ఫోను చేశాను, రేవు నుంచి బయల్దేరింది. నాలుగింటికి ఇంటికి పంపుతామన్నారు పరే. చొక్కా కూడా తొడిగేసుకుందట పొద్దున్నే."

తెర్యో వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ మాట రాసిన చెయ్యే అదని గుర్తొచ్చి తీసేయబోయాడు. కిరినో దాని మీద తన చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచాడు.

తరువాత బండి దగ్గరకు వెళ్లి కుడిపక్క నిలబడ్డాడు. పొద్దు వాలి వెలుగు ఏటవాలుగా పలక మీద పడుతోంది. ఏ లోపమున్నా బయటపడే వేళ అది. కిరినో అరచెయ్యి పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు నిమిరాడు.

"ఎక్కడుండేది?"

"ఇక్కడ."

"కనపడట్లేదు."

"కనపడదు."

"ఆవిడ చూడలేదులే. చివరిదాకా పోస్టరనే అనుకుంది. ఆ మీసాలాయనకి చచ్చినా ఓటెయ్యనంది." కిరినో నవ్వబోయాడు. నవ్వు సగంలో విరిగిపోయింది. పేరు మీది టేపు ఒక్కో అక్షరం నుంచి ఒలిచాడు. తొందరపడకుండా, అంచు చిరగకుండా, ఉండలు చుట్టి సంచీలో వేసుకున్నాడు. ఫెలిసా అనే పేరు మళ్ళీ పలక మీద కనపడింది, కింద ఏమీ లేకుండా.

"రేపటి నుంచి జనం వస్తారు. బండి శుభ్రంగా ఉండాలి కదా," అన్నాడు.

"పరే," అన్నాడు తెర్యో. "నేను నీకొక మాట చెప్పాలి. పొద్దుటి నుంచీ..."

"ముఖం కడుక్కొస్తాను. ఆ పిల్ల నన్నిలా చూడకూడదు."

కిరినో లోపలికి వెళ్లాడు. కుళాయి చప్పుడు వినిపించింది, చాలాసేపు. తిరిగొచ్చేసరికి ముఖం, జుట్టు తడిగా ఉన్నాయి. బండి ఎక్కి, సంచీని పక్క సీట్లో నిలబెట్టి, పడిపోకుండా ఒక చెయ్యి ఆనించి, తాళం తిప్పాడు.

"రాత్రికి కాస్త అన్నం తిను. తినకుండా వస్తే ఆవిడకి నచ్చదు," అన్నాడు తెర్యోతో. "రేపు పొద్దున్నే వచ్చేయి. శవపేటిక ముందు వరసలో ఉండాలి నువ్వు."

బండి హైవే ఎక్కి, ఒక్క మనిషి లేని కిటికీలతో కొబ్బరితోట మలుపు దాకా కనపడి, తరువాత కనపడలేదు. ఆతే చోలెంగ్ వంటింటి గుమ్మంలో చెయ్యి నోటికి అడ్డుపెట్టుకుని నిలబడి ఉంది. తెర్యో గ్రైండరు తీగ చుట్టాడు. చక్రాలు డబ్బాలో సర్దాడు. నేల ఊడ్చాడు. అక్షరాలన్నీ పొడి అయి చీపురు ముందు బూడిదరంగు గీతలా పోగయ్యాయి. చేటలో ఎత్తి డబ్బాలో పోశాడు.

శనివారం ఏప్రాన్ ఇంటికి తీసుకెళ్లి ఉతుక్కోవాలి. మేకు మీంచి తీసి, మడవబోతూ, అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాడు.

చెయ్యి ఆగింది.

వేళ్ల కింద జానెడు పిడి తగిలింది. ఆ సందులో, బండి చక్రం పక్కన, తొమ్మిది రోజుల కిందటే అది కిరినోకు దొరికింది. పొద్దున్న ఈ వాకిట్లోకి వచ్చేటప్పుడు అది అతని దగ్గరే ఉంది. కాఫీ కలుపుకుని అన్నం తినేటప్పుడూ ఉంది, మంచం పక్కన కూర్చుని దూదితో పెదాలు తడిపేటప్పుడూ ఉంది. మాంగ్ తెర్యో కుళాయి గట్టు మీద కూర్చున్నాడు. పెద్దగా ఏడ్చాడు, దగ్గు వచ్చేదాకా, దగ్గు పోయాక కూడా. జేబులోది తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

దున్నకొమ్ము పిడి, మధ్యలో పాలచుక్కంత తెల్ల మచ్చ. మొనకు మాత్రం, ఎవరికీ గుచ్చుకోకుండా, ఆసుపత్రి దూది చుట్టి, సూది పొడిచిన చోట ఫెలిసా చేతికి వేసే తెల్ల ప్లాస్టరు ముక్క అతికించి ఉంది.